పనిలో చోటిచ్చిన ప్రేమ
డాక్టరు జాన్ లాంగ్డన్ డౌన్ జీవిత చరిత్ర

ధ్యానమునకు వాక్యభాగములు: నిర్గమకాండము 4:10–16, 31:1–6, 1 కొరింథీయులకు 12:14–26



ఆదివారమునాడు మన దేవాలయములలో వెనుక బల్లలవైపు ఒకసారి చూడుడి. ఎదిగిన కుమారుని గాని కుమార్తెను గాని చేయిపట్టి తీసికొని వచ్చి, ప్రక్కన కూర్చుండబెట్టుకొను తల్లియో తండ్రియో అక్కడ కనబడుదురు. ఆ బిడ్డకు ఇరువది యేండ్లు దాటియుండవచ్చును. మాట స్పష్టముగా రాకపోవచ్చును. మాట వచ్చినను ఎదుటివారి ముఖము చూచి మాటలాడకపోవచ్చును. పాట బిగ్గరగా సాగినప్పుడు చెవులు మూసికొనవచ్చును. మనము ఆ బిడ్డను చూచి, పాపమని జాలిపడి, తల నిమిరి, క్రిస్మసుకు క్రొత్త బట్టలిచ్చి తృప్తిపడుచున్నాము. అయితే ఆ బిడ్డకు ఒక పని ఇయ్యవలెనని మనలో ఎందరము తలంచితిమి? సంఘములో దుకాణములు నడుపువారున్నారు, ముద్రణాలయములు నడుపువారున్నారు, పాఠశాలలను ఆసుపత్రులను చూచుకొనువారున్నారు. తాము పోయిన తరువాత ఈ బిడ్డ ఎట్లు బ్రదుకునని రాత్రివేళ నిద్రపట్టక ప్రార్థించు తలిదండ్రులకు మన జాలి జవాబు కాజాలదు.

మోషే చరిత్ర ఈ విషయములో మనకు వెలుగిచ్చుచున్నది. దేవుడు అతనిని పిలిచినప్పుడు, తన నోరు మాంద్యమైనదనియు మాటలాడు నేర్పు తనకు లేదనియు అతడు మనవి చేసెను. ఆ కారణముచేత దేవుడు అతనిని పనినుండి తప్పింపలేదు. ఎట్లో నీవే తంటాలుపడుమని ఒంటరిగాను విడువలేదు. అహరోనును తోడుగా ఇచ్చెను. పనియు నిలిచెను, పనివాడును నిలిచెను, తోడును దొరికెను. ఈ మూడింటిని ఒకచోట చేర్చుటకు తన జీవితమును వెచ్చించిన ఒక వైద్యుని కథను ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

అంగడిలోని బాలుడు

జాన్ లాంగ్డన్ డౌన్ 1828వ సంవత్సరము నవంబరు 18వ తేదీన ఇంగ్లండు దేశపు నైరుతి మూలనున్న కార్న్‌వాల్ సీమలో, టార్‌పాయింట్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి జోసెఫ్ ఆ ఊరిలో మందులును సరకులును అమ్ము అంగడి పెట్టుకొని జీవించెడివాడు. అది దైవభక్తిగల కుటుంబము. ప్రార్థనయు వాక్యపఠనమును ఆ బాలునికి చిన్ననాటనే అలవడెను. అయితే ఇంటి అవసరములనుబట్టి పదునాలుగేండ్ల ప్రాయములోనే బడి మానిపించి, తండ్రి అతనిని అంగడి పనిలో పెట్టెను. తోటి బాలురు పుస్తకములు పట్టుకొని పోవుచుండగా ఇతడు పొట్లములు కట్టుచు, సీసాలు సర్దుచు కాలము గడిపెను.

పదునెనిమిదేండ్ల వయస్సులో జరిగిన ఒక చిన్న సంగతి అతని త్రోవను మార్చెను. ఒకనాడు కుటుంబమంతయు కలిసి విహారమునకు వెళ్లగా పెద్ద వాన పట్టుకొనెను. వారు దగ్గరనున్న ఒక పల్లెటూరి గుడిసెలో తల దాచుకొనిరి. అక్కడ వారికి ఉపచారము చేసిన బాలిక బుద్ధి వికాసము కొరవడినది. వాన వెలిసినది, అందరును ఇల్లు చేరిరి. ఆ బాలిక ముఖము మాత్రము జాన్ మనస్సును విడువలేదు. ఈమెకొరకు చేయదగినది ఏమియు లేదా అను ప్రశ్న అతని హృదయములో నాటుకొనెను. ఆ దినము ఆమె ఖాళీగా కూర్చుండలేదు, వచ్చినవారికి పరిచర్య చేయుచుండెను. ఆమె పనియే మొదట అతని కంటబడెను.

చదువునకు పట్టిన దీర్ఘకాలము

ప్రశ్న కలిగినంత మాత్రమున త్రోవ తెరువబడలేదు. జాన్ లండను చేరి వైట్‌చాపెల్ రోడ్డులోని ఒక శస్త్రవైద్యునియొద్ద పనికి కుదిరెను. సీసాలు కడుగుట, మందులు నూరుట, పండ్లు పీకుట అక్కడి పని. తరువాత ఔషధశాస్త్ర సంఘమువారి ప్రయోగశాలలో రసాయనశాస్త్రము అభ్యసించి బహుమానము పొందెను. ప్రసిద్ధ శాస్త్రవేత్తయు భక్తిపరుడునైన మైకేల్ ఫారడేకు కొంతకాలము పనిలో తోడ్పడెను. ఇంతలో ఇంటినుండి పిలుపు రాగా తిరిగి టార్‌పాయింట్ వెళ్లి తండ్రి అంగడిని చూచుకొనవలసివచ్చెను. 1853లో తండ్రి మరణించిన తరువాతనే, ఇరువదియైదేండ్లు నిండుచుండగా, ఆయన లండను హాస్పిటలు వైద్య విద్యాలయములో చేరగలిగెను. తనకంటె చిన్నవారి నడుమ కూర్చుండి చదివి పతకములు సంపాదించి, 1856లో వైద్య పట్టములు పొందెను.

ఆ ఆసుపత్రిలోనే ఆయనకు గొప్ప పదవి లభించునని గురువులును స్నేహితులును ఎదురుచూచుచుండిరి. 1858లో ఆయన తీసికొన్న నిర్ణయము వారికి ఆశ్చర్యము కలిగించెను. సర్రే సీమలో రెడ్‌హిల్ యొద్దనున్న ఎర్ల్స్‌వుడ్ అను ఆశ్రమమునకు వైద్యాధికారిగా పోవుటకు ఆయన ఒప్పుకొనెను. బుద్ధి వికాసము కొరవడినవారి నిమిత్తమే కట్టబడిన స్థలమది. ఆ కాలమున మంచి వైద్యులెవరును అట్టి పదవిని కోరుకొనువారు కారు.

ఒక పాదిరిగారు నాటిన చెట్టు

ఎర్ల్స్‌వుడ్ ఎట్లు పుట్టినదో చెప్పుట అవసరము. దానిని స్థాపించినవాడు ఆండ్రూ రీడ్ అను కాంగ్రిగేషనల్ సంఘపు పాదిరి. ఆయన అంతకు ముందే అనాథ శరణాలయములు స్థాపించినవాడు. అట్టి ఒక శరణాలయములో ఏలిక సంఘపు ప్రశ్నోత్తరిని పిల్లలందరికి తప్పనిసరి చేయగా, ఇతర శాఖల పిల్లలకు ద్వారము మూయబడునని ఆయన దానినుండి తొలగి, అందరిని చేర్చుకొను మరియొక ఆశ్రమమును 1844లో ఆరంభించెను. లోకము పిచ్చివారితోను బిచ్చగాండ్రతోను కలిపివేసిన మందబుద్ధుల నిమిత్తము ఆయన 1847లో ఈ పని మొదలుపెట్టెను. 1853లో విక్టోరియా రాణి భర్తయగు ఆల్బర్ట్ ప్రభువు ఎర్ల్స్‌వుడ్ కట్టడమునకు పునాదిరాయి వేసెను. 1855లో అది తెరువబడెను.

అయితే మంచి ఉద్దేశముతో కట్టిన ఇంటిలోను చెడుగు ప్రవేశింపవచ్చును. డౌన్ గారు వచ్చునప్పటికి అక్కడి స్థితిని ప్రభుత్వ తనిఖీదారులు తప్పుపట్టియుండిరి. శుభ్రత లోపించెను. పరిచారకులు కొట్టుటయు కలదు. నోరులేని బిడ్డ తనను కొట్టిరని ఎవరితో చెప్పుకొనగలడు? ఆయన మొదట ఈ దెబ్బలను నిషేధించెను. మాట విననివారిని పనినుండి తొలగించెను. పరిచారకుడు కావలెనన్న చదువుకంటె ముందు ఓర్పు కావలెనని ఆయన నియమము.

1860లో ఆయన మేరీ క్రెలిన్ అను సుగుణవతిని వివాహమాడెను. ఆమె జీతములేకయే ఆ ఆశ్రమవాసుల మంచిచెడ్డలు చూచుచు ఆయన పనిలో సగము పంచుకొనెను.

పని నేర్పిన విధము

మన పాఠకులు, ముఖ్యముగా పని ఇచ్చువారు, ఈ భాగమును శ్రద్ధగా చదువవలెనని కోరుచున్నాము.

డౌన్ గారు పనిని పైనుండి ఆరంభింపలేదు. మంచి భోజనము, స్నానము, వ్యాయామము, శుభ్రమైన గాలి అను వాటితో ఆరంభించెను. శరీరము బలపడిన తరువాత చేతివ్రేళ్లకు చిన్న చిన్న పనులు నేర్పించెను. బొత్తాము పెట్టుకొనుట, బూట్ల త్రాడు కట్టుకొనుట, కత్తియు ముల్లును పట్టుకొని బల్లయొద్ద మర్యాదగా భుజించుట, ఇవన్నియు ఒక్కొక్క మెట్టుగా విడదీసి నేర్పబడెను. ఒక మెట్టు కుదిరిన తరువాతనే రెండవ మెట్టు. మాట సరిగా రానివారికి నాలుకను పెదవులను కదలించు అభ్యాసములు పెట్టించెను.

లెక్క నేర్పుటకు ఆయన పలకలను నమ్ముకొనలేదు. ఒక గదిలో అంగడి ఏర్పరచెను. త్రాసు, తూనికరాళ్లు, సరకులు, నాణెములు అన్నియు అందులో నుండెను. ఒకడు అమ్మువాడు, ఒకడు కొనువాడు. తక్కినవారు చుట్టును నిలిచి తూనికలో గాని చిల్లరలో గాని తప్పు దొరలినయెడల చూపవలెను. పుస్తకములో అర్థము కానిది చేతిలో అర్థమయ్యెను. పదునాలుగేండ్ల ప్రాయమున టార్‌పాయింట్ అంగడిలో వ్యర్థమైనట్లు కనబడిన ఆయన దినములు ఈ విధముగా దేవుని చేతిలో ఉపయోగపడెను.

ఆ తరువాత వృత్తులు. వడ్రంగము, చెప్పులు కుట్టుట, దర్జీ పని, చాపల అల్లిక, చాకలి పని, తోటపని, పొలము పని ఉండెను. ఎవనికి ఏ పని తగునో చూచి దానిలో పెట్టెడివారు. తప్పుచేసినవానికి దెబ్బలు లేవు. ఇష్టమైన ఒక వేడుకను ఆ పూటకు తప్పించుటయే శిక్ష. బాగుగా చేసినవానికి మెప్పు దొరకెడిది. ప్రేమించినవారి మెప్పును పొందవలెనను ఆశయే మనుష్యుని నడిపించునని ఆయన గ్రహించెను.

ఆయన ఫోటోగ్రాఫు విద్యను నేర్చుకొని, ఆశ్రమవాసుల ఛాయాచిత్రములను అనేకము తీసెను. ఆ చిత్రములలో వారు మంచి దుస్తులు ధరించి, పెద్దమనుష్యులవలె కూర్చున్నారు. అట్టివారిని సంతలలో వింతగా చూపి నవ్వుకొను కాలములో, వారిని గౌరవముగా నిలిపి చూపుట చిన్న సంగతి కాదు.

ఒక వడ్రంగి కథ

ఎర్ల్స్‌వుడ్‌లో జేమ్స్ హెన్రీ పుల్లెన్ అను యువకుడుండెను. అతడు 1835లో లండనులో పుట్టి, పదునైదవ యేట ఈ సంస్థలో చేర్చబడెను. చెవి సరిగా వినబడదు, మాట ఒకటి రెండు ముక్కలకు మించి రాదు. చదువు చెప్పవలెనని ఉపాధ్యాయులు చేసిన ప్రయత్నములు విఫలమాయెను. కోపము వచ్చినయెడల ఎవరును దగ్గరకు పోజాలరు.

అయితే చిన్ననాటినుండియు అతడు కర్రముక్కలతో చిన్న ఓడలు చెక్కుచుండెడివాడు. ఆ చేతి నేర్పును గమనించి అతనిని వడ్రంగి పనిలో పెట్టిరి. అతడు పగలు ఆశ్రమమునకు మంచములును బీరువాలును చేయును, రాత్రి తన గదిలో బొమ్మలు గీయును. నోటితో చెప్పలేని తన జీవిత కథను వరుస చిత్రములుగా గీసి చూపెను. రాజకుటుంబీకులు సైతము అతని చిత్రములను మెచ్చిరి. అతనికి అందరితో కలిసి పనిచేయుట కష్టమని తెలిసి, అతనికి వేరుగా పనిగది ఇచ్చిరి. అతని ఇష్టప్రకారము ఉపకరణములు అమర్చుకొననిచ్చిరి. డౌన్ గారు ఆ ఆశ్రమమును విడిచిన తరువాత కూడ పుల్లెన్ తన పనిని మానలేదు. ఆ కాలపు మహా నౌకయగు గ్రేట్ ఈస్టర్న్ నమూనాను సుమారు పది అడుగుల పొడవున ఏడేండ్లు శ్రమించి తయారుచేసెను. ప్రతి చీలను తన చేతులతోనే చేసికొనెను. 1883లో లండను ప్రదర్శనలో దానిని చూచినవారు ఆశ్చర్యపడిరి.

నిర్గమకాండము 31వ అధ్యాయములో దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, విచిత్రమైన పనులు చేయుటకు అతనిని తన ఆత్మతో నింపినట్లు చదువుచున్నాము. అక్కడ అతని వాగ్ధాటిని గూర్చి ఒక్క మాటయు లేదు. చేతి పనియును దేవుని ఆత్మ వరమే. మనము మనుష్యుని నాలుకను మాత్రమే పరీక్షించి పంపివేయుచున్నాము, చేతులను చూచుట మరచుచున్నాము.

ఇక్కడ ఒక సత్యమును దాచరాదు. పుల్లెన్ 1916లో మరణించువరకు ఆ ఆశ్రమములోనే ఉండెను. అంతటి పనివానికి బయటి లోకములో ఒక ఇల్లు, ఒక సంసారము, సొంత సంపాదన దొరకలేదు. పని నేర్పుట వరకు ఆ తరమువారు వచ్చిరి. పనివానిని తమ మధ్యకు చేర్చుకొనుట వరకు రాలేదు. ఆ మిగిలిన పని మన తరమునకు విడువబడినది.

నార్మన్స్‌ఫీల్డు

1867లో పారిస్ నగరమున గొప్ప ప్రదర్శనము జరిగెను. ఆశ్రమవాసులు తమ చేతులతో చేసిన వస్తువులను డౌన్ గారు అక్కడికి పంపించెను. దాని ఖర్చు విషయములోను మరికొన్ని విషయములలోను నిర్వాహక సంఘముతో ఆయనకు విభేదము కలిగెను. 1868లో ఆయన ఆ పదవిని విడిచిపెట్టెను.

నలుబదవ యేట దంపతులిద్దరును తమకున్నదంతయు పెట్టి, థేమ్సు నదికి సమీపమున హాంప్టన్ విక్ యొద్ద ఒక గృహమును సంపాదించి, దానికి నార్మన్స్‌ఫీల్డు అని పేరుపెట్టిరి. ఇది ఎక్కువగా సంపన్న కుటుంబముల పిల్లలకు గృహమాయెను. ఆ కుటుంబములలో ఇట్టి బిడ్డ పుట్టినయెడల మేడమీది గదిలో దాచి, పేరు చెప్పకుండ పెంచుట వాడుక. నార్మన్స్‌ఫీల్డులో వారికి పాఠములు, పనిశాలలు, తోట, పొలము, పశువులు, స్వారి, సంగీతము లభించెను. 1879లో అక్కడ ఒక అందమైన నాటకశాల నిర్మింపబడెను. పరిచారకులను ఎంచుకొనునప్పుడు పాటయో వాద్యమో నటనయో వచ్చినవారిని ఆయన కోరుకొనెడివాడు. ఆ గృహపు లెక్కలు, పనివారి వ్యవహారములు, వంటశాల మొదలు ఉత్తరముల వరకు మేరీ అమ్మగారి చేతిలోనుండెను.

1887లో ఆయన లండను వైద్యుల సభలో వరుస ఉపన్యాసములిచ్చెను. మందబుద్ధులని పిలువబడిన పిల్లలలో కొందరికి ఒక్కొక్క విషయములో అసాధారణమైన శక్తియుండుటను అందులో వివరించెను. ఒక బాలుడు మూడంకెల సంఖ్యను మూడంకెల సంఖ్యతో క్షణములో గుణించును, కాని తనతో తరచు మాటలాడు డాక్టరు పేరు చెప్పలేడు. మరియొకడు గిబ్బన్ వ్రాసిన రోము సామ్రాజ్య చరిత్రను కంఠస్థము చేసెను. మొదట చదివినప్పుడు మూడవ పుటలో ఒక పంక్తి తప్పి, మరల వెనుకకు వచ్చి చదివెను. అప్పటినుండి అప్పగించిన ప్రతిసారియు అదే చోట తప్పి, అదే విధముగా వెనుకకు వచ్చి సరిచేసికొనును. ఆటిజం అను స్థితిని లియో కానర్ 1943లో వివరించెను. అంతకు అరువదియేండ్లకు చేరువగా ముందే డౌన్ గారు అట్టి పిల్లలను చూచియుండెనని నేటి వైద్యులు కొందరు తలంచుచున్నారు.

ఆయన చేసిన తప్పు

మహనీయుల జీవితములు వ్రాయునప్పుడు వారి తప్పులు దాచుట మన లేఖనముల పద్ధతి కాదు. దావీదు పాపమును, పేతురు పతనమును బైబిలు దాచలేదు.

1866లో డౌన్ గారు తాను చూచిన పిల్లలలో ఒక విధమైన ముఖపోలిక గలవారిని ప్రత్యేకముగా గుర్తించి వర్ణించెను. ఆ గుర్తింపు సరియైనదే. అయితే ఆ పోలికనుబట్టి వారికి మంగోలు జాతి పేరు తగిలించెను. అది శాస్త్రములోను తప్పు, ఒక జాతి ప్రజలకును ఆ పిల్లలకును అవమానము. తలిదండ్రుల క్షయవ్యాధి దీనికి కారణమని ఆయన తలంచుటయు పొరపాటే. ఒక జాతి తలిదండ్రులకు వేరొక జాతి పోలికగల బిడ్డ పుట్టుచున్నందున మానవజాతి అంతయు ఒక్కటేయని ఆయన ఆ వ్యాసములోనే వాదించెను. మానవులు ఒక్కటే కారని చెప్పువారున్న ఆ దినములలో ఆ మాట అవసరమే. ఉద్దేశము మంచిది, పేరు మాత్రము చెడ్డది. ఆ చెడ్డ పేరు నూరేండ్లు నిలిచి ఎందరో తల్లుల హృదయములను గాయపరచెను.

1959లో జెరోమ్ లెజ్యూన్ అను ఫ్రెంచి వైద్యుడును ఆయన తోటివారును ఈ స్థితికి నిజమైన కారణమును ప్రకటించిరి. శరీర కణములలో ఇరువదియొకటవ క్రోమోజోము రెండుకు బదులు మూడుగా నుండుటయే ఆ కారణము. తల్లి పాపమును కాదు, తండ్రి శాపమును కాదు. 1961లో పందొమ్మిదిమంది శాస్త్రవేత్తలు పాత పేరును విడువవలెనని వైద్య పత్రికలో కోరిరి. 1965లో మంగోలియా దేశపు విన్నపముమీద ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని విడిచిపెట్టెను. నేడు ఆ స్థితి డౌన్ సిండ్రోమ్ అని ఆయన పేరుతోనే పిలువబడుచున్నది.

1896వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన డాక్టరు డౌన్ మరణించెను. మేరీ అమ్మగారు 1900లో ఆయనను వెంబడించెను. కుమారులు రెజినాల్డ్, పెర్సివల్ ఇద్దరును వైద్యులై ఆ గృహమును నడిపిరి. 1905లో రెజినాల్డ్‌కు ఒక కుమారుడు పుట్టెను. తాత వర్ణించిన స్థితియే ఆ బిడ్డకును ఉండెను. ఆ బిడ్డకు తాత పేరే పెట్టి, జాన్ అని పిలిచి, కుటుంబములో ప్రేమగా పెంచిరి. తాత ఇతరుల పిల్లలకొరకు కట్టిన గృహము తన మనుమనికి నీడయాయెను. ఆ మనుమడు 1970 వరకు జీవించెను. నార్మన్స్‌ఫీల్డు 1951లో ప్రభుత్వ ఆసుపత్రియై, 1997లో మూయబడెను. అక్కడి నాటకశాల నేటికిని నిలిచియున్నది.

మనకు పాఠములు

మొదటిది. జాలి చాలదు, చోటు కావలెను. శరీరములో బలహీనముగా కనబడు అవయవములు అవసరమైనవని పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసెను. అవసరమైనవి అనెను గాని భరింపదగినవి అనలేదు. దుకాణములో సరకు వరుసగా సర్దుట, కాగితములు క్రమము తప్పక పేర్చుట, లెక్కలలో తప్పు పట్టుట, మొక్కలకు వేళకు నీరు పోయుట అను పనులలో ఈ సహోదరులలో కొందరు మనకంటె మిన్నగా ఉందురు.

రెండవది. పనితోపాటు అహరోనును ఇయ్యుడి. క్రొత్త పనివానికి ఓర్పుగల ఒక తోటివానిని జతచేయుడి. పనిని మెట్లుగా విడదీయుడి. నోటిమాట నిలువని వానికి బొమ్మలు గీసి గోడకు అంటించుడి. శబ్దము పడనివానికి మూలనున్న నెమ్మదియైన చోటియ్యుడి. వేళలు మార్చవలసివచ్చినయెడల ముందుగా చెప్పుడి. సగము చెప్పి సగము సైగచేయక, కోరినది నేరుగా చెప్పుడి. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మోషేకు నోరు బాగుపడువరకు దేవుడు ఆగలేదు, తోడునిచ్చి పంపెను.

మూడవది. జీతమియ్యుడి. మందబుద్ధి గలవానికి కడుపునిండ అన్నము పెట్టుచున్నామని చెప్పి ఊరక పనిచేయించుకొనుట ధర్మము కాదు. పనివాడు తన జీతమునకు పాత్రుడని ప్రభువు సెలవిచ్చెను. ద్రాక్షతోట ఉపమానములో సాయంకాలమువరకు సంత వీధిలో నిలిచినవారు సోమరులు కారు. ఎవరును తమను కూలికి పెట్టుకొనలేదని వారే చెప్పిరి. ఆ యజమానుడు వారిని పిలిచెను, పూర్తి కూలియు ఇచ్చెను.

నాలుగవది. ఉన్న సహాయమును తెలిసికొని వాడుకొనుడి. మన దేశములో 2016లో చేయబడిన దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజం, బుద్ధి వికాస లోపము, చదువుటలో వ్రాయుటలో ప్రత్యేకమైన ఇబ్బంది గలవారిని గుర్తించి, ప్రభుత్వ ఉద్యోగములలో వారికిని భాగము ఏర్పరచినది. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ ఇట్టివారికి వృత్తి శిక్షణ విషయములో తోడ్పడుచున్నది. ఈ సంగతులు తలిదండ్రులకు చెప్పుటయు, ధ్రువపత్రములకొరకు వారితోకూడ ఒక పూట కార్యాలయమునకు నడచుటయు సంఘ పరిచర్యయే.

అయిదవది. మాటను జాగ్రత్తగా వాడుడి. మంచి వైద్యుడు పెట్టిన ఒక్క చెడ్డ పేరు నూరేండ్లు బాధించినయెడల, మనము వీధిలోను బడిలోను తేలికగా పలుకు పేర్లు ఎంత బాధించును! తల్లితో మాటలాడునప్పుడు బిడ్డ పేరు పెట్టి అడుగుడి.

ప్రియులారా, వానకు తల దాచుకొన్న గుడిసెలో ఆ యువకునికి కలిగిన ప్రశ్న మనకును కలుగవలెను. వచ్చే ఆదివారము వెనుక బల్లవైపు పోయి ఆ బిడ్డ పేరు తెలిసికొనుడి. వానికి ఏమి రాదో తల్లిని అడుగవద్దు. వానికి ఏమి చేయుట ఇష్టమో అడుగుడి. తరువాత మీ దుకాణములోనో కార్యాలయములోనో ఒక బల్ల, ఒక పని, ఒక తోడు ఉన్నవేమో చూచుకొనుడి.

ప్రార్థన

మా పరలోకపు తండ్రీ, ప్రతి మనుష్యుని నీ స్వరూపమందు చేసినవాడవు నీవే. నోరు మాంద్యముగలవానిని పిలిచి తోడునిచ్చినవాడవు నీవే. చేతులలో నేర్పు పెట్టినవాడవును నీవే. నీవు పిలిచినవారిని మేము వెనుక బల్లమీద మరచితిమి, క్షమించుము. ఈ బిడ్డల తలిదండ్రుల కన్నీటిని తుడువుము. మాలో పని ఇయ్యగలవారికి తెరచిన కన్నులను, ఓర్పుగల మనస్సును, న్యాయమైన చేతిని దయచేయుము. నజరేతులో వడ్రంగి పనిచేసిన మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.